గంగులు గీకిన విల్లు

అనగనగా ఒక కొండ. ఆ కొండ నడుం మీద పాతికిళ్ళ ఊరు. ఆ ఊళ్ళో గంగులని ఒకడుండేవాడు. పోడు బాగా కొట్టేవాడు, తేనె బాగా తీసేవాడు. విల్లు చెయ్యడం మాత్రం రాదు. వాళ్ళ నాన్న జోగయ్య చేసి చేతికిస్తుంటే వీడెందుకు నేర్చుకుంటాడు చెప్పు?

అయితే జోగయ్యకి చూపు పోయింది. చేతుల్లో సత్తువా పోయింది. ఆయన వింటి నారి లాగి మూడేళ్ళయింది. అరుగు మీద కూర్చుని ఉత్తి చేతులు రుద్దుకుంటూ ఉండేవాడు పాపం.

ఆ ఊళ్ళో విత్తనాల పండక్కి మగాళ్ళంతా వేటకెళ్ళాలి. ఎవరింటి విల్లు వాళ్ళదే, అరువు విల్లు పనికిరాదు. వెళ్ళనివాడి నెత్తిన ఆడవాళ్ళు పేడనీళ్ళు పోస్తారు. రేపు పండగనగా గంగులు విల్లు కాస్తా విరిగింది.

అప్పుడు అటక మీద పొగకి ఎండిన వెదురు బద్ద దింపాడు. ఉన్నది అదొక్కటే. చెక్కి, వంచి, నారి కట్టాడు. విల్లుకి రెండు రెక్కలుంటాయి కదా, రెండూ సమంగా వంగాలి. బిగుసుకున్న రెక్కని గీకితే అదీ వంగుతుంది. వాడికి తెలిసిందల్లా అంతే.

అరుగు మీది దూలానికి విల్లు నడుం కట్టి, నారికి రాయి వేలాడదీసి, వెనక్కెళ్ళి చూశాడు. తూర్పు కొన దూలానికి దగ్గరగా ఉంది. అంటే ఆ రెక్క వంగట్లేదన్నమాట. విల్లు దింపి, తిప్పి పట్టుకుని, ఆ రెక్క గీకాడు.

ఆ తర్వాత ఎలా పట్టుకున్నాడో అలాగే తీసుకెళ్ళి కట్టాడు. గీకిన రెక్క పడమటికి పోయింది, గీకనిది తూర్పుకొచ్చింది. చూస్తే మళ్ళీ తూర్పు కొనే దగ్గరగా ఉంది. బుర్ర గోక్కుని ఈ రెక్కా గీకాడు.

మూడోసారి కట్టాడు. మళ్ళీ తూర్పే. పెళ్ళాం చిన్నమ్మిని పిలిచి చూపించాడు.

"నాకూ తూర్పే బిగుసుకున్నట్టుంది మావా" అంది చిన్నమ్మి.

"అది ఇందాక గీకిన రెక్కే. గీకితే వంగాలా, వంగకూడదా?" అన్నాడు గంగులు.

ఆమెకేం తెలుసు? అలా ఈ రెక్కోసారి, ఆ రెక్కోసారి, పొద్దు వాలేదాకా గీకుతూనే ఉన్నాడు. వాడికి ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు జోగయ్య అడిగాడు. "ఎక్కడ కట్టి చూస్తున్నావురా?"

"మన అరుగు దూలానికే నాన్నా."

జోగయ్య నాలుక్కరుచుకున్నాడు. "గాలివాన వచ్చిన ఏడాది అరుగు తూర్పు గుంజ విరిగితే, పొట్టి గుంజ పెట్టింది నేనేరా. దూలమే అటు కిందికి వాలి ఉంది, ఏ రెక్క అటు పెట్టినా దానికి దగ్గరగానే కనబడుతుంది. ఇలా తే."

ఆ తర్వాత రెక్కలు రెండూ వేళ్ళతో తడిమాడు. "సమంగానే ఉన్నాయి. రెండూ ఒకేలా గీకావుగా. కాకపోతే బాగా పలచబడ్డాయి. ఇది వేటకి పనికిరాదు" అన్నాడు.

అంటూ అంటూనే, పాత అలవాటు కదా, నారి లాగాడు. నారి వచ్చింది. ఛాతీ దాకా వచ్చింది, చెవి దాకా వచ్చింది. మూడేళ్ళకి వచ్చింది. ముసలాయన వదిలాడు, మళ్ళీ లాగాడు, మళ్ళీ లాగాడు. గుడ్డి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు, చేతులు ఖాళీ లేవు మరి.

మర్నాడు మిగతా మగాళ్ళంతా వేటకెళ్ళారు. గంగులు నెత్తిన మూడు కుండల పేడనీళ్ళు పడ్డాయి. వాడు నవ్వుతూ కూర్చున్నాడు.

"సిగ్గులేకుండా ఆ నవ్వేంటయ్యా?" అన్నారు ఆడవాళ్ళు.

"నాకూ తెలీట్లేదు" అన్నాడు గంగులు. నిజంగానే వాడికి తెలీలేదు. అరుగు మీంచి నారి చప్పుడు మాత్రం వినబడుతూనే ఉంది.

వాలింది దూలం, వంగింది విల్లు,
గంగులు నెత్తిన పేడ జల్లు.
కథేమో కంచికి, విల్లేమో తాత చేతికి,
నువ్వేమో నిద్రకి, నేనేమో నీ పక్కకి.