శౌరి జపం

ఆ కొండమీది క్రైస్తవ మఠంలో ఉండి చదువుకునే శౌరికి తిరిగినంత వేగంగా నోరు ఎవరికీ తిరగదు. జపమాల చెప్పించడం వాడి వంతు వచ్చిందంటే పూసలు జొన్నగింజల్లా జారిపోవలసిందే. జపంలో ముందు సగం ఒకరు చెప్పించాలి, వెనక సగం జనం అందుకోవాలి. జనం ఆ సగంలో ఉండగానే శౌరి తరువాతిది ఎత్తుకునేవాడు. వీడి వెనక పరిగెత్తలేక ఆయాసం వస్తోందని వంటాయన అంటే, అదీ మెప్పే అనుకున్నాడు.

ఆ ఏడు మరియమ్మ పండుగకు జపం ఎవరు చెప్పించాలో చిన్నప్ప గురువుగారు ఇంకా తేల్చలేదు. శౌరి మాత్రం తానేనని ఇంటికి కబురు పంపేశాడు. కొడుకు జపం చెప్పిస్తే వాళ్ళ నాయన ఎన్నడూ విని ఎరగడు మరి.

పండుగనాటి పొద్దున గురువుగారు చిక్కుడుపాదుకు నీళ్ళు పోస్తుంటే శౌరి వెళ్ళి నిలబడ్డాడు.

"నిన్న వచ్చిన ఇంగ్లీషు మాస్టారు నా జపం విని 'ప్యాటర్' అన్నారు గురువుగారూ. అంటే ఏమిటి?"

గురువుగారు చెంబు పక్కన పెట్టారు. గడగడా మాట్లాడడాన్ని అలా అంటారని చెప్పారు. మాటలకూ పుట్టిళ్ళుంటాయి కదా, ఈ మాట పుట్టిల్లు పరలోక జపమేనట. వెనకటికి ఇంగ్లండులో ఆ జపం లాటిన్ భాషలో 'పాటెర్ నోస్టెర్' అని, అంటే 'మా తండ్రీ' అని మొదలయ్యేది. ఎప్పుడు ముగుస్తుందా అని చెప్పేవాళ్ళు పరుగు పెట్టేవారు. పోగా పోగా గబగబా మాట్లాడడానికంతటికీ ఆ తండ్రి పేరే మిగిలిపోయింది.

శౌరి ఛాతీ ఇంకాస్త విచ్చుకుంది. "అయితే నన్ను జపం పేరుతోనే మెచ్చుకున్నారన్నమాట."

గురువుగారు కొండ దిగువకు చూస్తున్నారు. అక్కడ శౌరి నాయన ఇన్నయ్య, నెత్తిన వేరుశనక్కాయల మూటతో, దారి తప్పి పశువుల కొట్టం వైపు నడుస్తున్నాడు. ఆయనకు చెవులు కాస్త మందం.

"పిలువు," అన్నారు గురువుగారు. "జపం చెప్పినట్టే పిలువు."

"నాయనానాయనానాయనా" అని శౌరి గడగడా అరిచాడు. ఇన్నయ్య నడక ఆగలేదు. ఏ పిట్టల గోలో అనుకున్నాడు కాబోలు.

ఈసారి శౌరి గుండెలనిండా గాలి పీల్చుకుని, "నాయనా" అని ఒక్క పిలుపు పిలిచి, ఎదురుచూశాడు.

ఇన్నయ్య నిలబడ్డాడు. మూట సర్దుకుని మెల్లగా తిరిగాడు. కొడుకును చూడగానే ఎండలో ఆ ముఖం వెలిగిపోయింది.

"తిరిగి చూసేదాకా ఆగావు," అన్నారు గురువుగారు. నడుముకున్న తన జపమాల తీసి శౌరి చేతిలో పెట్టి, మళ్ళీ చెంబు అందుకున్నారు.

ఆ సాయంత్రం గుడి ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. శౌరితో పరుగెత్తడానికి అందరూ ఊపిరి బిగబట్టారు. శౌరి కళ్ళు మూసుకుని, "తండ్రీ" అని, ఆగాడు.

వెనక వరుసలో చెవికి చెయ్యి ఆనించుకుని ఉన్న ఇన్నయ్య తల పైకెత్తాడు.

"మావోడే," అన్నాడు, ఎవరూ అడగకపోయినా.