ముహూర్తం బ్యాటరీ

తునిలో రైలు గేటు పక్కన ఫోటో స్టూడియో నడిపే మాణిక్యాలరావు మంచి పనిమంతుడే గాని, తనకు ఒకసారి కలిసొచ్చిన వస్తువును అది పాడైపోయినా వదిలిపెట్టలేని మనిషి. మొదటిసారి పెళ్ళి ఫోటోలు తియ్యడానికి వేసుకెళ్ళిన చొక్కా చిరుగులు పట్టినా అతని బీరువాలో ఉండేది. స్టూడియో తెరిచిన రోజు కొన్న గడియారం ఎప్పుడో ఆగిపోయినా గోడ మీదే ఉండేది. వాటివల్ల ఎవరికీ నష్టం లేదు కనుక ఎవరూ ఏమీ అనేవారు కారు. కాని అతని సంచిలో ఇంకొకటి ఉండేది. అది ఫ్లాష్‌లో వేసే బ్యాటరీ.

మళ్ళీ మళ్ళీ ఛార్జింగ్ పెట్టి వాడుకునే బ్యాటరీ అది. ఫ్లాష్ కొన్నప్పుడు దానితోపాటే వచ్చింది. ఆ ఫ్లాష్ కొన్నాకే అతనికి పెద్ద పెద్ద పెళ్ళిళ్ళు రావడం మొదలైంది. అందుకని ఆ బ్యాటరీకి "పెద్దోడు" అని పేరు పెట్టుకున్నాడు. దసరాకి ఆయుధపూజ చేసినప్పుడు కెమెరాకి ఒక బొట్టు పెడితే, పెద్దోడికి అటూ ఇటూ రెండు పెట్టేవాడు. ఏ పెళ్ళికి వెళ్ళినా మామూలు ఫోటోలకి వేరే బ్యాటరీలు వాడేవాడు. ముహూర్తం దగ్గరపడగానే మాత్రం పెద్దోణ్ణి కళ్ళకద్దుకుని ఫ్లాష్‌లో వేసేవాడు.

ఆ వేసవిలో పెద్దోడు మొరాయించాడు. ఒక ఫోటో తీశాక, ఫ్లాష్ మళ్ళీ సిద్ధమైందని చెబుతూ దాని వెనక వెలగాల్సిన చిన్న ఎర్ర దీపం ఎంతకీ వెలిగేది కాదు. తెల్లవార్లూ ఛార్జింగ్‌లో ఉంచినా కాసేపటికే నీరసపడిపోయేవాడు.

"ఫ్లాష్‌కి వయసైపోయింది. రిపేరుకివ్వాలి," అన్నాడు మాణిక్యాలరావు.

అతని భార్య భ్రమరాంబ స్టూడియోలో ఆల్బమ్‌లు కూర్చేది. పెళ్ళిళ్ళకి వెళ్ళి లైటు స్టాండు కూడా తనే పట్టుకునేది. ఆమె ఆ మాట వెంటనే నమ్మలేదు. ముందు ఫ్లాష్ ఆపేసి బ్యాటరీ బయటికి తీసింది. దాని కరెంటు రేకుల మీద కుంకుమ పేరుకుని ఉంటే పొడిగుడ్డతో తుడిచింది. అయినా లాభం లేకపోయింది. అదే ఫ్లాష్‌లో ఇంకో బ్యాటరీ వేసి చూసింది. ఎర్ర దీపం చిటికెలో వెలిగింది. అప్పుడు పెద్దోణ్ణి తెచ్చి బల్ల మీద పెట్టింది. బల్లపరుపుగా ఉండాల్సినవాడు అటూ ఇటూ ఊగాడు.

"ఫ్లాష్ నిక్షేపంలా ఉందండీ. మీ పెద్దోడికే కడుపొచ్చింది," అంది.

మాణిక్యాలరావు పకపకా నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"నవ్వులాట కాదండీ. లోపల గ్యాసు చేరితే ఇలా ఉబ్బుతుంది. ఇంక దీన్ని ఛార్జింగ్ పెట్టకూడదు, నొక్కకూడదు, గుచ్చకూడదు. రేకుల మీద టేపు అంటించి ఆరుబయట ఇసక డబ్బాలో పెడదాం. కాకినాడలో పాత బ్యాటరీలు తీసుకునే చోటు ఉందట, వీలు చూసుకుని ఇచ్చొద్దాం. మన ఫ్లాష్‌కి సరిపోయే రకమే కొత్తది తెప్పించాను, అది వాడండి."

"సరేలేవే. పారేద్దాం," అన్నాడు అతను. పెద్దోణ్ణి మాత్రం జేబులో వేసుకున్నాడు.

ఆ వారంలోనే సూరిబాబు ఆటోలో స్టూడియోకి వచ్చాడు. మాణిక్యాలరావుకి ఆయన వరసకు బాబాయ్. బియ్యం మిల్లులో పనిచేసి మానుకున్నాడు. కొన్నాళ్ళుగా జబ్బుతో బాగా చిక్కిపోయాడు. మెట్టు ఎక్కడానికే ఆయాసపడ్డాడు. ఒక్కగానొక్క కూతురు హైమ పెళ్ళి కుదిరిందని చెప్పి, కుర్చీలో కూర్చుని ఊపిరి తీసుకున్నాడు.

"ఒరే మాణిక్యం, నాకు పెద్ద పెద్ద ఆల్బమ్‌లు అక్కర్లేదురా. కన్యాదానంలో పిల్ల చెయ్యి నా చేతిలోంచి అల్లుడి చేతిలోకి వెళ్తది చూడు, ఆ ఒక్క ఫోటో బాగా తియ్యి. నేనింక ఎన్నాళ్ళుంటానో డాక్టరే చెప్పలేకపోతున్నాడు. రేపు దానికి నన్ను చూడాలనిపిస్తే, అది చూసుకోవాలి."

మాణిక్యాలరావు కళ్ళు చెమర్చాయి. "నువ్వు నిశ్చింతగా ఉండు బాబాయ్. నా ప్రాణం పెట్టి తీస్తాను," అన్నాడు. ఆ మాట మనసారా అన్నాడు. కాని అతని బుద్ధి అక్కడే తప్పుదారి పట్టింది. ఇంత ముఖ్యమైన ఫోటో కొత్త బ్యాటరీతో తీస్తే ఎలా అనుకున్నాడు. ఈ ఒక్క పెళ్ళికీ పెద్దోడు ఉండాల్సిందే అనుకున్నాడు. భ్రమరాంబ చూడకుండా దాన్ని మళ్ళీ ఛార్జింగ్ పెట్టాడు.

పెళ్ళి సూరిబాబు ఇంటి ముందు పందిట్లో. పొద్దుటి ముహూర్తం. పైన మబ్బు పట్టి ఉంది, పందిరికి చుట్టూ రంగుగుడ్డలు కట్టారు, లోపల వెలుతురు అంతంతమాత్రంగా ఉంది. సూరిబాబు పీట మీద కూర్చోలేడని ఆయనకు కుర్చీ వేశారు. కన్యాదానం సమయం దగ్గరపడగానే మాణిక్యాలరావు పందిరి గుంజ వెనక్కి వెళ్ళి బ్యాటరీ మార్చాడు. ఉబ్బిన పెద్దోడు ఒక పట్టాన లోపలికి వెళ్ళలేదు. బొటనవేలితో అదిమి తోశాడు. మూత పడకపోతే రబ్బరు బ్యాండు చుట్టాడు. వేలికి వెచ్చగా తగిలింది. ఎండాకాలం కదా అని సరిపెట్టుకున్నాడు.

లైటు స్టాండు పట్టుకుని ఎదురుగా నిలబడిన భ్రమరాంబ గొంతు తగ్గించి అడిగింది. "కొత్తదే వేశారా?"

"ఆ, కొత్తదే," అన్నాడు మాణిక్యాలరావు. భార్యతో అతను అబద్ధమాడడం అరుదు. అయినా ఆ మాట తడుముకోకుండా వచ్చేసింది.

పురోహితుడు మంత్రం అందుకున్నాడు. సూరిబాబు కూతురి చెయ్యి అందుకోవడానికి చెయ్యి చాచాడు. మాణిక్యాలరావు కెమెరా కంటికి ఆనించి నొక్కాడు. ఫ్లాష్ వెలగలేదు. ఎర్ర దీపం కోసం చూశాడు, అదీ లేదు. గబగబా ఫ్లాష్‌ని కెమెరా నుంచి ఊడదీసి, మూత తెరిచి బ్యాటరీ లాగాడు. అది బిగుసుకుపోయింది. సంచిలో కొత్త బ్యాటరీ ఉంది, కాని పాతది బయటికొస్తే గదా! అసలు ఫ్లాష్ లేకపోయినా కెమెరా పనిచేస్తుందన్న సంగతే ఆ కంగారులో అతనికి తట్టలేదు. మసకగానైనా పడేది ఆ బొమ్మ. అతను జేబులోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీశాడు. మొన ఆ సందులోకి దూర్చి పెకలించాడు.

బుస్సుమని శబ్దం వచ్చింది. తెల్లటి పొగ కమ్ముకొచ్చింది. ఘాటు వాసన, దాని వెనకే మంట. పందిట్లో అందరూ కేకలు పెడుతూ లేచారు. మాణిక్యాలరావు వేళ్ళు కాలి ఫ్లాష్ వదిలేశాడు. భ్రమరాంబ లైటు స్టాండు తిరగేసి, చెయ్యి తగలకుండా ఆ ఫ్లాష్‌ని స్టాండు కర్రతోనే పందిరి బయటికి, ఒట్టి నేల మీదికి నెట్టేసింది. వంటవాళ్ళు పొయ్యి దగ్గరి ఇసక బక్కెట్టు తెచ్చి దాని మీద కుమ్మరించారు. ఇంకొంచెం ఆలస్యమైతే రంగుగుడ్డలు అంటుకునేవే.

"ముహూర్తం దాటిపోతోంది, ఎవరూ లేవకండి! అమ్మా, నీళ్ళు వదులు!" అని పురోహితుడు గట్టిగా అరిచాడు. హైమ తల్లి చెంబు వంచింది. ఆ నీళ్ళ కింద హైమ చెయ్యి తండ్రి చేతిలోంచి పెళ్ళికొడుకు చేతిలోకి వెళ్ళింది. పందిట్లో సగం మంది చేతుల్లో ఫోన్లు ఉన్నాయి. అవన్నీ పొగవైపే తిరిగి ఉన్నాయి.

మాణిక్యాలరావు తేరుకుని వచ్చేసరికి ఆ ఘట్టం అయిపోయింది. అలిసిపోయిన సూరిబాబుని ఇద్దరు కుర్చీతో సహా లోపలికి మోసుకెళ్తున్నారు. అతని పక్కనుంచి వెళ్తూ ఆయన తల తిప్పి, "తీశావురా మాణిక్యం?" అని అడిగాడు.

ఆ ముఖంలో ఉన్న సంతోషం చూసి మాణిక్యాలరావు తీశానన్నట్టు తల ఊపాడు. సూరిబాబు హాయిగా కళ్ళు మూసుకున్నాడు.

ఆల్బమ్ తయారు కాకముందే సూరిబాబు కన్నుమూశాడు. కర్మకాండలు అయ్యాక హైమ స్టూడియోకి వచ్చింది. మాణిక్యాలరావు కట్టు కట్టిన వేళ్ళను బల్ల కింద దాచుకున్నాడు. తరవాత ఏమనుకున్నాడో, పైకి తీసి ఆమె ఎదుట పెట్టాడు.

"ఆ ఫోటో నా దగ్గర లేదమ్మా. మీ నాన్నకి అబద్ధం చెప్పాను. ఉబ్బిన బ్యాటరీ అని మీ వదిన ముందే చెప్పింది. నేనే వినలేదు," అన్నాడు.

హైమ ఆ వేళ్ళవైపు చూసింది.

"నాకు తెలుసన్నయ్యా," అంది. "పెళ్ళికి వచ్చినవాళ్ళందరి ఫోన్లూ అడిగి అడిగి చూశాను. అందరి దగ్గరా పొగ ఉంది. నువ్వున్నావు. నాన్న లేడు."

మాణిక్యాలరావు ఏడ్చాడు. అతని ఏడుపు చూసి ఆమె ఓదార్చలేదు, తిట్టనూ లేదు. ఆల్బమ్‌లో ఆ ఫోటో ఉండాల్సిన పేజీని ఖాళీగా వదిలెయ్యమని భ్రమరాంబతో చెప్పి వెళ్ళిపోయింది. భ్రమరాంబ అలాగే కూర్చింది. అంతకుముందు పేజీలోని మసక బొమ్మలో సూరిబాబు కూతురి చెయ్యి అందుకోబోతున్నాడు. తరవాతి పేజీలో హైమ చెయ్యి భర్త చేతిలో ఉంది. ఆ రెంటికీ మధ్య తెల్ల కాగితం.

ఆ వారంలోనే మాణిక్యాలరావు సంచీలన్నీ కుమ్మరించాడు. ముసలివీ, ఉబ్బినవీ, తడి చేరినవీ ఏరి, రేకులకు టేపు అంటించి, వేటికవి విడివిడిగా ఇసకలో పెట్టి కాకినాడ తీసుకెళ్ళి అప్పగించాడు. ఇప్పటికీ ఏటా ఆయుధపూజ చేస్తాడు. అయితే బొట్టు కెమెరా సంచికే పెడతాడు. అంతకుముందు ప్రతి బ్యాటరీనీ బల్ల మీద పెట్టి, వంగి, ఊగుతోందేమోనని చూస్తాడు. పక్క ఊళ్ళ కుర్ర ఫోటోగ్రాఫర్లు ఎవరైనా "ఈ ఒక్క పెళ్ళికీ లాగేస్తుందిలే గురువుగారూ" అంటే, మచ్చలు పడ్డ వేళ్ళు చూపిస్తాడు. ఆ ఖాళీ పేజీ సంగతి మాత్రం చెప్పలేడు.

పాడైందని తెలిసిన వస్తువును మమకారం కొద్దీ వాడితే, నష్టపోయేది మనం ఒక్కళ్ళమే కాదు. మనల్ని నమ్మినవాళ్ళు తిరిగి రానిదాన్ని పోగొట్టుకుంటారు.