కనుమ సత్రంలో కట్టెలు చీల్చేవాడు

అనగనగా, మబ్బులు కొండల మీద నడిచివెళ్ళే కాలంలో, రెండు కొండల నడుమ ఒక కనుమ ఉండేది. ఆ కనుమ దాటితేనే ఈ దేశంవాళ్ళు ఆ దేశానికి పోగలరు. మార్గశిరం మొదలు మాఘం దాకా అక్కడ మంచు కమ్మేసేది. పట్టపగలే ఎవరి చెయ్యి వారికి కనపడేది కాదు. దారికి ఒక పక్క కొండ. మరో పక్క లోయ.

అందుకని రాజుగారు కనుమ మీద ఒక సత్రం కట్టించి, దాని ముంగిట పెద్ద నెగడు వేయించారు. "మంచు ఉన్నన్నాళ్ళూ ఈ మంట ఆరకూడదు. దీని వెలుగే బాటసారికి దారి" అని ఆజ్ఞ ఇచ్చారు. నెగడు కాచే పని గవరయ్యది. ఆయన భార్య సీతాలు సత్రంలో వంట చేసేది.

ఒక పుష్యమాసంలో సీతాలు చెల్లెలి పురిటికని పుట్టింటికి వెళ్ళింది. ఆమె లేని రోజుల్లోనే, ఒక ఉదయం, మంచులోంచి ఒక మనిషి నడిచి వచ్చాడు. పాతికేళ్ళవాడు. నెత్తి నుంచి పాదాల దాకా తడిసి ఉన్నాడు. భుజాన గొడ్డలి ఉంది.

"ఇక్కడ నెగడు ఉంటుందని చెప్పారు బాబూ" అన్నాడు.

"ఉందిగా, అదిగో" అన్నాడు గవరయ్య.

"నిన్న లేదు."

గవరయ్య వంగి నెగడులోకి ఒక కట్టె తోశాడు.

వచ్చినవాడు పెరట్లో పడి ఉన్న దుంగల కేసి చూశాడు. "ఇవి చీలిస్తే మంట ఆరదు కదా. నేను చీలుస్తాను. మీరు వెళ్ళమనేదాకా చీలుస్తాను" అన్నాడు. పేరడిగితే ముత్యాలు అన్నాడు. కొండ దిగువన తేనెమడుగు తన ఊరన్నాడు.

ఆ పూట నుంచీ గవరయ్యకు కట్టెల చింత తీరిపోయింది. ముత్యాలు గొడ్డలి ఎత్తితే చాలు, ఎంత ముదురు దుంగైనా ఒక్క దెబ్బకు రెండయ్యేది. ఎండు చేవ, పచ్చి చేవ, ముడులు పడిన మొద్దు, ఏదీ రెండో దెబ్బ అడిగేది కాదు. అలుపు లేదు. జ్వరం లేదు. ఒక్క రోజు నాగా లేదు.

సీతాలు తిరిగి వచ్చాక కొన్ని సంగతులు గమనించింది. ఆమె "ముత్యాలూ, అన్నానికి రా" అని పిలిస్తే ఎదుటి కొండ ఆ పిలుపును తిరిగి పలికేది. అతని గొడ్డలి చప్పుడుకు మాత్రం పలికేది కాదు. చలికి అందరి నోటా ఆవిరి వచ్చేది, అతని నోట వచ్చేది కాదు. ఆకులో పెట్టిన అన్నం పెట్టినట్టే చల్లారిపోయేది. మంచు లేని నెలల్లో పని లేక, కొట్టం మూల గోడవైపు తిరిగి కూర్చునేవాడు. మళ్ళీ మంచు పడేదాకా కదిలేవాడు కాదు.

"ఏమయ్యా, ఆ మనిషి..." అని ఆమె ఒకనాడు మొదలుపెట్టింది.

"మంచి పనివాడు. మనకెందుకు మిగతావన్నీ?" అన్నాడు గవరయ్య. ఆమె మళ్ళీ అడగలేదు.

మొదటి ఏడు నిండాక, మాఘం చివర మంచు విడిచింది. కొండ కింది దారి తెల్లటి దారంలా కనిపించింది. ముత్యాలు గొడ్డలి దించి గవరయ్య దగ్గరికి వచ్చాడు.

"బాబూ, తేనెమడుగులో నా కూతురుంది. గున్నమ్మ. నేను బయలుదేరిన నాటికి గోడ పట్టుకుని నడుస్తోంది. దారి కనిపిస్తోంది. వెళ్ళనా?"

గవరయ్య పెరటి కేసి చూసుకున్నాడు. వచ్చే ఏడు కొండ అవతల జాతర. జనం విరగబడి వస్తారు. "ఈ ఒక్క ఏడూ ఉండు నాయనా" అన్నాడు.

ముత్యాలు తల ఊపి వెనక్కి వెళ్ళాడు.

రెండో ఏడు మంచు విడిచింది. ముత్యాలు మళ్ళీ వచ్చాడు. అతని ముఖం చెరిపిన పలకలా ఉంది. కళ్ళున్నాయి, ముక్కుంది, కాని ఒకసారి చూసి తల తిప్పుకుంటే మళ్ళీ గుర్తు రాదు.

"బాబూ, కింద ఏదో ఊళ్ళో నాకో పాప ఉంది. పేరు నోటికి రావడం లేదు. మీకేమైనా తెలుసా? వెళ్ళనా?"

ఆ పేరు గవరయ్య నాలుక చివరే ఉంది. చెబితే వెళ్ళిపోతాడు. "నాకు నడుం పట్టేసింది నాయనా. ఇంకొక్క ఏడు" అన్నాడు. ఆ పేరును మింగేశాడు.

మూడో ఏడు మంచు విడిచింది. గవరయ్య జవాబు సిద్ధం చేసుకుని అరుగు మీద కూర్చున్నాడు. ముత్యాలు రాలేదు. పెరట్లో గొడ్డలి పడుతూనే ఉంది. నెగడు ఆర్పేశారు. అయినా గొడ్డలి ఆగలేదు. మధ్యాహ్నమైనా ఆగలేదు. అతను అడగనందుకు గవరయ్యకు మొదట హాయిగా అనిపించింది. కాసేపటికి భయం వేసింది.

ఆ రోజే పల్లపు దేశంలో సున్నపు బట్టీలు నడిపే జోగిశెట్టి అనే వర్తకుడు సత్రంలో దిగాడు. పెరట్లో చప్పుడు విని వెళ్ళి చూశాడు. ఒక్కొక్క దెబ్బకు ఒక్కొక్క దుంగ చీలిపోతోంది. ఆయన కళ్ళు మెరిశాయి.

"ఒరేయ్, నీ పేరేమిటి?" అని అడిగాడు.

పనివాడు ఆలోచించాడు. చాలాసేపు ఆలోచించాడు. చివరకు తన చేతిలో ఉన్నదాన్ని చూసుకుని, "గొడ్డలి" అన్నాడు.

జోగిశెట్టి పకపకా నవ్వుతూ అరుగు దగ్గరికి వచ్చాడు. "గవరయ్యా, వీణ్ణి నాకు ఇచ్చెయ్యి. నా బట్టీలకు ఇలాంటివాడే కావాలి. ఏదీ గుర్తులేనివాడు ఏదీ అడగడు. బదులుగా నీకు జత ఎడ్లు ఇస్తాను. ఏటా చలికాలానికి ఇద్దరు మనుషుల్ని పంపుతాను. నీ నెగడుకూ లోటుండదు."

గవరయ్యకు అది న్యాయంగానే తోచింది. మంట ఆరదు. ముత్యాలును చూసినప్పుడల్లా కలిగే గుబులూ ఉండదు. ఐనా "భోజనాలయ్యాక చెబుతాను" అని వంటింట్లోకి వెళ్ళాడు.

సీతాలు పొయ్యి ముందు కూర్చుని ఉంది. ఆమె అంతా విన్నది.

"ఇవ్వడానికి వాడు మన సొత్తా?" అని అడిగింది.

గవరయ్య గోడకు చేరగిలబడ్డాడు. మూడేళ్ళుగా దాచుకున్నది అప్పుడు బయటికి వచ్చింది.

"నువ్వు పుట్టింట ఉన్నప్పుడు ఒకనాటి పొద్దున చీల్చిన కట్టెలు అయిపోయాయి. దుంగలున్నాయి. చలిగా ఉంది, కాసేపాగి చీలుద్దామని కంబళి కప్పుకుని పడుకున్నాను. లేచేసరికి మధ్యాహ్నమైంది. నెగడు చల్లారి బూడిదైంది. మళ్ళీ రాజేశాను. ఎవరూ రాలేదు కదా, ఏమీ కాలేదులే అనుకున్నాను. మర్నాడు పొద్దున వాడొచ్చాడు, తడిసి."

పెరట్లో గొడ్డలి చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"మూడేళ్ళు వాడికి అన్నం పెట్టాను. ఎందుకు తినడని ఒక్కనాడూ అడగలేదు. అడిగితే వెళ్ళిపోతాడని నాకూ భయమే" అంది సీతాలు.

"వాణ్ణి పంపేస్తే వచ్చే చలికాలం ఎవరు చీలుస్తారు సీతాలూ? నాకు అరవై దాటాయి."

"అది రాజుగారు నీకిచ్చిన పని. వాడికిచ్చిన పని కాదు."

గవరయ్య లేచి పెరట్లోకి నడిచాడు. "ముత్యాలూ, ఆగు" అన్నాడు. గొడ్డలి పడింది. "ఆగు నాయనా" అన్నాడు. మళ్ళీ పడింది. ఆ పేరు ఎవరిదో వాడికి తెలియలేదు. అప్పుడు గవరయ్య మోకాళ్ళ మీద కూర్చుని, దుంగ మీద తన చెయ్యి పెట్టాడు.

గొడ్డలి దిగింది. వేళ్ళకు వెంట్రుకవాసి పైన నిలిచిపోయింది. ఆ ఇనుము మంచుగడ్డలా చల్లగా ఉంది.

"చెయ్యి తీయండి బాబూ."

"తీయను. నా మాట విను. నీ పేరు ముత్యాలు. నీ ఊరు తేనెమడుగు. నీ కూతురి పేరు గున్నమ్మ. గోడ పట్టుకుని నడుస్తోందని నువ్వే నాకు చెప్పావు. నువ్వొచ్చిన రోజున ఇక్కడ నెగడు లేదు. నేను నిద్రపోయాను. నువ్వు లోయలో పడింది నా వల్ల. ఆ తరువాత రెండుసార్లు అడిగావు, రెండుసార్లూ నిన్ను ఆపాను. ఇప్పుడు అడగలేదు. అందుకే నేనే చెబుతున్నాను. వెళ్ళు."

ఒక్కొక్క మాటకూ ఆ ముఖంలో ఒక్కొక్కటీ తేలింది. కనుబొమల మధ్య చిన్న మచ్చ. పెదవుల వంపు. చివరకు చూపు. ముత్యాలు గవరయ్యను అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"నిద్రపోయారా?" అన్నాడు మెల్లగా. "నేనే దారి తప్పాననుకున్నాను బాబూ. ఇన్నాళ్ళూ తప్పు నాదే అనుకున్నాను."

గవరయ్య తల ఎత్తలేకపోయాడు. ఎత్తేసరికి ముత్యాలు గుమ్మం దాటి దారి పట్టాడు. జోగిశెట్టి వెంటపడి, "ఒరేయ్, ఇటు రారా! నా వెంట రా!" అని కేకలు వేశాడు. పది అడుగులు పోయి ఆగిపోయాడు. తన చెప్పుల గుర్తులు మట్టిలో పడ్డాయి. ముందు నడుస్తున్నవాడివి పడలేదు. వర్తకుడు అన్నమైనా తినకుండా ఎడ్లు కట్టించుకుని పోయాడు.

మర్నాడు గవరయ్య కొండ దిగి తేనెమడుగు వెళ్ళాడు. ముత్యాలు ఇల్లు అడిగి తెలుసుకున్నాడు. గుమ్మంలో అతని భార్య పైడమ్మ, పక్కనే నాలుగేళ్ళ పాప.

గవరయ్య నిలబడే అంతా చెప్పాడు. ఒక్క మాట దాచలేదు.

"నిన్న సాయంత్రం వచ్చాడు" అంది పైడమ్మ. "వాకిట్లో నిలబడి పాపను పేరు పెట్టి పిలిచాడు. అది పరుగెత్తింది. గడప దాటేసరికి లేడు. వాకిలంతా తడిగా ఉంది. మూడేళ్ళుగా బతికున్నాడనే అనుకున్నాను. నిన్న తెలిసింది."

ఊరివాళ్ళు లోయలో దిగి వెతికారు. మూడో రోజు రాళ్ళ సందున ముత్యాలు దొరికాడు. జరపవలసినవన్నీ జరిపారు. అన్నాళ్ళూ గవరయ్య ఆ ఇంటి అరుగు కింద కూర్చున్నాడు. పైడమ్మ తిట్టలేదు. మంచినీళ్ళూ ఇవ్వలేదు.

చివరి రోజు ఆమె వచ్చి ఎదురుగా నిలబడింది. "వచ్చే చలికాలం నెగడుకు కట్టెలు ఎవరు చీలుస్తారు?"

"నేనే తల్లీ."

"అయితే ఇక్కడెందుకు కూర్చున్నారు? వెళ్ళండి."

గవరయ్య వెళ్ళాడు. ఆ వేసవి అంతా చీల్చాడు. ఒక్కో దుంగకు పదేసి దెబ్బలు పట్టేవి. అరచేతులు పగిలి నెత్తురు కారేవి. జ్వరం వచ్చిన రోజు సీతాలు గొడ్డలి పట్టేది. ఎవరైనా బాటసారి సాయానికి వస్తే, జరిగిందంతా చెప్పి అప్పుడు గొడ్డలి చేతికిచ్చేవాడు. విన్నవాళ్ళలో కొందరు ముఖం తిప్పుకుని వెళ్ళిపోయేవారు. కొందరు ఉండి నాలుగు దుంగలు చీల్చి వెళ్ళేవారు. ఆ దంపతులు బతికున్నంత కాలం ఆ కనుమ మీద మంచులో ఎవరూ దారి తప్పలేదు.

పిల్లలూ, నమ్మకంగా పనిచేసే చెయ్యి దొరికితే పట్టుకోవడం ఎవరికైనా తేలికే. వెళ్ళవలసినవాణ్ణి, వాడు అడగడం మరిచిపోకముందే, మనంతట మనమే వెళ్ళనివ్వడం ధర్మం.