చుక్క కోసం ఏరిన చేపలు

చుక్క మూడు రోజులుగా ముద్ద ముట్టలేదు. లక్ష్మున్నాయుడు మట్టి మూకుడు దాని ముందు పెట్టడం, అది వాసన చూసి మొహం తిప్పుకోవడం, ఆయన బతిమాలడం, కాసేపటికి కోప్పడడం, మళ్ళీ బతిమాలడం. మూడు రోజులూ ఇదే వరస.

వంశధార సముద్రంలో కలిసేచోటికి కాస్త ఎగువన, ఏటి ఒడ్డున రెండు పాకలున్నాయి. ఒకదాంట్లో స్వామి ఉంటాడు. ఆయన పేరేమిటో ఎవరికీ తెలియదు, ఏటొడ్డు స్వామి అనే అంటారు. రెండోదాంట్లో ఉండేది ఆయన శిష్యుడు లక్ష్మున్నాయుడు. రెండేళ్ళ కిందటి తుఫానులో కొట్టుకొస్తున్న కుక్కపిల్లని మెడలోతు నీళ్ళలో దిగి పట్టుకొచ్చి, నుదుటి మీద తెల్లమచ్చ చూసి చుక్క అని పేరు పెట్టింది ఆయనే. ఇల్లూ పొలమూ చుట్టాలూ అన్నీ వదులుకుని వచ్చిన మనిషి, దీన్ని మాత్రం వదల్లేకపోయాడు.

ఆ గురుశిష్యులకి భోజనం విషయంలో ఒక నియమం ఉంది. మధ్యాహ్నం అయిదిళ్ళ ముందు నిలబడతారు. నోరు తెరిచి అడగరు. ఇది కావాలనీ అనరు, అది వద్దనీ అనరు. పప్పూ పులుసూ పచ్చడీ ఏది పడితే అది జోలెలో కలిసిపోవలసిందే. తర్వాత దాన్ని గుడ్డలో మూటకట్టి ఏట్లో మూడుసార్లు ముంచుతారు. ఉప్పూ కారమూ పులుపూ ఏటిపాలు. మిగిలిన చప్పటి ముద్దే ఇద్దరికీ భోజనం.

స్వామి నలభై ఏళ్ళుగా అదే తింటున్నాడు. లక్ష్మున్నాయుడు మొదటి ఆర్నెల్లూ కళ్ళనీళ్ళతో మింగాడు గానీ, మూడేళ్ళు గడిచేసరికి బాగానే అలవాటైంది. అలవాటుతో పాటు కాస్త గొప్ప కూడా అంటుకుంది. నాకిప్పుడు పాయసమూ ఒకటే పాచన్నమూ ఒకటే అని, వచ్చిన భక్తులకి అడక్కపోయినా చెప్పేవాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. చుక్క రోజూ పొద్దున్నే జాలర్ల వీధికి పోయి, వలలు దులిపేచోట నాలుగు చేపలు తిని, మూతి నాక్కుంటూ తిరిగొచ్చేది. స్వామి నీడన ఉన్న కుక్కకి ఇదేం బుద్ధి అనిపించింది లక్ష్మున్నాయుడికి. చాతుర్మాస్యం మొదలైన రోజున తాడు తెచ్చి దాన్ని పాక గుంజకి కట్టేశాడు. ఏట్లో ముంచిన ముద్దే దానికీ పెట్టడం మొదలుపెట్టాడు. కుక్క చేత కూడా జిహ్వను జయింపజేద్దామని ఉద్దేశం. ఇలాంటి ఆలోచన మామూలు సంసారికి చచ్చినా రాదు.

మొదట్లో చుక్క ఆకలికి తింది. తర్వాత సగం వదిలేసింది. ఆ వానాకాలపు ఉక్కలో వదిలేసిన ముద్ద సాయంత్రానికి పులిసిపోయేది, ఆయన అదే మళ్ళీ దాని ముందుకి తోసేవాడు. నెల తిరిగేసరికి డొక్కలు ఎండిపోయాయి. ఇప్పుడు ఆయన అడుగుల చప్పుడు వింటే తోక కొన కదులుతుంది గానీ మనిషిని చూసి లేవదు.

పశువుల డాక్టరు వచ్చి చూశాడు. రోగమేమీ లేదు, ఇది తినే తిండి తాజాగా పెట్టండి, లేకపోతే దక్కదు అని చెప్పి వెళ్ళిపోయాడు. లక్ష్మున్నాయుడు తుఫాను నీళ్ళలోంచి తెచ్చుకున్నదాన్ని తన చేతులతోనే పోగొట్టుకుంటున్నాడు. అలాగని నియమం తప్పడమెలాగో కూడా ఆయనకి తెలియలేదు. సాయంత్రం స్వామి దగ్గరికి పోయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"దీనికి నోరు కట్టుకోవడం నేర్పలేకపోయానండి స్వామీ. నా సాధనలోనే ఏదో లోటుంది. అదేటో చెప్పండి."

స్వామి లేచి వచ్చి మూకుడు ముందు కూర్చున్నాడు. రెండు మెతుకులు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్ళీ మూకుట్లోనే వేసి, చెయ్యి కడుక్కుని తన పాకలోకి వెళ్ళిపోయాడు.

పొద్దున్నే స్వామి రమ్మంటే లక్ష్మున్నాయుడు వెనకాలే బయల్దేరాడు. స్వామి ఊరివైపు కాకుండా సముద్రం వైపు తిరిగాడు. పడవలు అప్పుడే ఒడ్డుకి చేరాయి. ఆడవాళ్ళు ఇసుకలో వరసగా గంపలు పెట్టుకుని చేపలు అమ్ముతున్నారు. స్వామిని చూసి ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. ఆయన మాత్రం కాషాయం మోకాళ్ళ పైకి ఎగదోపుకుని, నూకాలమ్మ అనే ఆవిడ గంప ముందు గొంతుక్కూర్చున్నాడు.

ఒక చేపని చేతిలోకి తీసుకుని మొప్ప ఎత్తి చూశాడు. పాలిపోయి ఉంది. వేలితో నొక్కాడు, పడిన సొట్ట అలాగే ఉండిపోయింది. గంపలో పడేశాడు. రెండోదాని కన్ను మసకేసింది. దాన్నీ పడేశాడు. నలభై ఏళ్ళలో ఇది బాగుంది, ఇది బాగులేదు అనని మనిషి, సంతలో కూరగాయలు ఏరే అత్తగారిలా గంపంతా తిరగేస్తున్నాడు. ప్రతి ఏకాదశికీ పాకకి వచ్చే నేతి వర్తకుడు ఆ దారినే పోతూ స్కూటరు ఆపి, చూసి, చూడనట్టే వెళ్ళిపోయాడు. లక్ష్మున్నాయుడికి తల కొట్టేసినట్టయింది. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

నూకాలమ్మ మొదట స్వామి వేళాకోళమాడుతున్నాడనుకుంది. తర్వాత తన సరుకుకి వంక పెడుతున్నాడని లోపల్లోపలే గొణుక్కుంది. అప్పుడు స్వామి అడిగాడు.

"ఇవాళ మీ పిల్లలకి ఏది వండుతావమ్మా?"

ఆవిడ ఆయన మొహంలోకి ఓ క్షణం చూసి నవ్వేసింది. వెనకనుంచి తడి గోనె కప్పిన చిన్న బుట్టని ముందుకి లాగింది.

"ఇయ్యి సామీ. ఇప్పుడే పడవ దిగినయ్యి. మా యింటికని దాసుకున్నాను."

స్వామి చెయ్యి పెట్టలేదు. పక్కకి జరిగి శిష్యుడికి చోటిచ్చాడు.

"ఎంచు నాయుడూ."

లక్ష్మున్నాయుడు చేప ముట్టుకుని మూడేళ్ళయింది. మొప్ప ఎత్తితే ఎర్రగా ఉంది. కన్ను మెరుస్తోంది. వాసన చూశాడు, నీచు కాదు, ఉప్పునీటి వాసన. నొక్కితే కండ మళ్ళీ పైకి లేచింది. ఒకటి తీసి పక్కన పెట్టాడు. దానికన్నా మంచిది కనబడితే మొదటిది బుట్టలో వేసేశాడు. ముళ్ళు తక్కువున్నది ఏదని నూకాలమ్మని అడిగాడు. తువ్వాలు ఎప్పుడు జారి ఇసుకలో పడిందో చూసుకోలేదు.

ఏరడం అయ్యాక స్వామి లేచి ఉత్తరీయం కొంగు పట్టాడు.

"ఇవి నాకు కావాలమ్మా."

ఆయన నోటివెంట ఆ మాట ఆ తీరంలో ఎవరూ విని ఎరగరు. నూకాలమ్మ చెయ్యి ఆగిపోయింది. తర్వాత ఏరినవాటి మీద ఇంకో రెండు వేసింది.

పాక దగ్గర లక్ష్మున్నాయుడు మూడు రాళ్ళతో పొయ్యి పెట్టి, చేపల్ని ఉప్పు లేకుండా ఉడకబెట్టాడు. ప్రతి ముల్లూ వేలితో తడిమి తీసేశాడు. అడిగి తెచ్చిన నూకలతో అప్పుడే కాచిన జావలో కలిపి, వేడి చల్లారేదాకా విసనకర్రతో విసిరాడు. ఈలోపు స్వామి గుంజకున్న తాడు విప్పి పొయ్యిలో పెట్టేశాడు.

చుక్క తల ఎత్తింది. ముందుకాళ్ళ మీద లేచింది, తూలింది, మళ్ళీ లేచింది. మెల్లగా మొదలుపెట్టి, మూకుడు నేలమీద జరిగిపోయేదాకా నాకింది. పక్కనే కూర్చున్న లక్ష్మున్నాయుడు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. సంతోషం పట్టలేకపోయాడు.

మధ్యాహ్నం అయిదిళ్ళకీ ఎప్పటిలాగే వెళ్ళారు. ఎప్పటిలాగే స్వామి మూటని ఏట్లో మూడుసార్లు ముంచాడు. ఇద్దరూ ఒడ్డున కూర్చుని తింటున్నారు. శిష్యుడు ఉండబట్టలేక అడిగేశాడు.

"నలభై ఏళ్ళ నియమం గదండీ స్వామీ. చుక్క కోసం తప్పీసారేటి?"

స్వామి నోట్లో ముద్ద నిదానంగా నమిలి మింగాడు.

"నియమం తీసుకున్నది నేనూ, నువ్వూ. చుక్క ఎప్పుడు తీసుకుంది నాయుడూ?"

అప్పటికే చుక్క నడిచి వచ్చి, చేపల వాసన కొట్టే మూతిని లక్ష్మున్నాయుడి ఒళ్ళో పెట్టింది. నిన్నటిదాకా అయితే తింటున్నది వదిలేసి, ఏట్లో మునిగి వచ్చేవాడు. ఇవాళ ఎడమచేత్తో దాని చెవులు నిమురుతూ, చేతిలో ఉన్న చప్పటి ముద్ద తిన్నాడు.