కాలు మార్చినవాడికే తలుపు

కొండలకు ఇంకా పేర్లు పెట్టని కాలంలో, ఒక కొండ కింద బొగ్గులమ్ముకునే నూకాలు ఉండేది. గుమ్మంలో నిలబడి ఎవరు మంచినీళ్ళు అడిగినా, వాళ్ళు తాగి చెంబు దించేలోగా సున్నం గోడ మీద బొగ్గుతో వాళ్ళ బొమ్మ గీసేసేది. మొహం అచ్చం దిగిపోయేది. కాలికి మాత్రం ఎప్పుడూ రెండు మూడు గీతలు పడేవి.

"నాకు మూడు కాళ్ళేటే నూకాలూ?" అని నవ్వేవారు.

"నువ్వు కదిలితే నానేటి సేసేది? పానమున్నోళ్ళు కుదురుగా నిలబడరు" అనేది.

ఆ ఏడాది ఊళ్ళోకి ఒకటి రావడం మొదలైంది. దాని పేరు నేను చెప్పను, మీరూ అడగకండి. పొద్దుగూకే వేళ, ఇంట్లో లేనివాళ్ళ రూపంతో గుమ్మం ముందు నిలబడేది. తలుపు తియ్యమనేది. ఎవరో ఒకరు వెంట వెళ్ళేదాకా కదిలేది కాదు. వెళ్ళినవాళ్ళు తిరిగి రాలేదు. మొదట కుమ్మరి ఇంటికి వచ్చింది. తర్వాత గొర్రెలకాపరి ఇంటికి వచ్చింది. మూడోసారి నూకాలు ఇంటికి, కొండకెళ్ళిన ఆమె కొడుకు సన్నాసి రూపంతో వచ్చింది.

"అమ్మా, నానే. తలుపు తియ్యే."

నిండు చూలాలైన కోడలు పైడి గడియ మీద చెయ్యి వేసింది. నూకాలు ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. తలుపు సందులోంచి చూస్తూ లోపలి గోడ మీద గీసింది. మొహం కొడుకుదే. కాలికి ఒక్కటే గీత. చెరిపి గీసింది. ఒక్కటే గీత. చెరిపి మళ్ళీ గీసింది. ఒక్కటే గీత. నూకాలు పైడి వైపు తిరిగింది.

"ఆడు మనోడు కాదే."

"మొకం సూడత్తా. నీ కొడుకే."

"మొకం నాకూ తెలుసు. కాళ్ళు సూడు. ఇంతసేపట్లో ఒక్కసారి కాలు మార్సనేదు."

"అమ్మా, నానే. తలుపు తియ్యే" అంది బయటిది.

ఎవరో ఒకరు వెళ్ళందే అది కదలదు; కడుపుతో ఉన్న కోడల్ని ఎత్తుకుపోతుందని నూకాలు పైడిని పక్కకి జరిపింది. "నానెల్తాను. నా ఎనకాలే గడియెయ్. కాలు మార్సినోడికే తలుపు తియ్యి" అని బొగ్గుముక్క పట్టుకుని బయటికి వెళ్ళింది.

తెల్లారి చూస్తే నూకాలు లేదు. బయటి గోడ మీద ఆ వచ్చినదాని బొమ్మ ఉంది. పాదాల నుంచి మెడ దాకా ఒక్కటే గీత. మొహం దగ్గర గీత తెగిపోయింది.

కొన్నాళ్ళకి సన్నాసి వచ్చాడు. పైడి తలుపు తియ్యలేదు. సందులోంచి మొగుడి పాదాలే చూస్తూ కూర్చుంది. పిలిచి పిలిచి అలిసిపోయి, అతను బరువు ఇంకో కాలి మీదికి మార్చాడు. అప్పుడు భోరుమని ఏడుస్తూ గడియ తీసింది.

ఇప్పటికీ ఆ కొండ కింద, పొద్దుగూకాక తలుపు తట్టేవాళ్ళు పేరు చెప్పరు. "నూకాలమ్మా" అని కాలు మార్చి నిలబడతారు. లోపలివాళ్ళు ముందు పాదాలే చూస్తారు.

అది మళ్ళీ వచ్చిందా అని పిల్లలడుగుతారు. రాకపోతే, ఇంకా ఎందుకు చూస్తున్నట్టు?