పరంజ్యోతమ్మ తొందరపాటు ఆమెన్

అనగనగనగా... ఉండండ్రా, ముందు ఆ దుప్పటి లాక్కోవడాలు ఆపండి. బన్నీ, నువ్వు గోడ పక్కకి జరుగు. జెస్సీ, కాళ్ళు నా మీద వెయ్యకే తల్లీ, అసలే మోకాలు నొప్పి. ఆఁ, ఇప్పుడు సరిగ్గా ఊ కొట్టండి. ఊ ఆగిందో, నేను కూడా కథ ఆపేసి గురక పెడతా. తర్వాత నన్నంటే ఒప్పుకోను.

అనగనగా సముద్రం ఒడ్డున ఒక పేట ఉందిట. పడవలవాళ్ళ పేట. ముప్పై ఇళ్ళు, ముప్పై ఇళ్ళకీ కలిపి ఒక తాటాకుల చర్చి, ఆ చర్చికొక అయ్యగారు. ఆ పేటలో పరంజ్యోతమ్మ అని ఒకావిడ ఉండేదిట. మొగుడు పోయాడు. ఒక్కడే కొడుకు, యోబు. ఒక్కతే కోడలు, సలోమి.

పరంజ్యోతమ్మ మంచిదే. చెయ్యి కూడా పెద్దదే, ఇంటికొచ్చినవాళ్ళకి అన్నం పెట్టకుండా పంపేది కాదు. కాకపోతే ఆవిడకి ఆగడం చేతకాదు. అన్నం ఉడక్కుండానే మూత తీసేది. కోడిని పొదగేసిన మర్నాడే దాన్ని లేపి కింద ఏముందో చూసేది. ఆవకాయ కలిపిన పూటే కంచంలో వేసుకుని, ముక్క గట్టిగా ఉందని మావిడికాయని తిట్టేది.

చర్చిలో అయితే మరీను. ప్రార్థన మనవులు చెప్పుకునే వేళ, ముందు వరసలోవాళ్ళు తమ బాధ చెప్పుకునేవాళ్ళు, తర్వాత రెండో వరస. మూడో వరస దాకా రాకుండానే ఈవిడ "ఆమెన్!" అనేసేది. ఆ గొంతు ఎలాంటిదనుకున్నారు? పడవ మీద ఉన్నవాణ్ణి ఒడ్డు నుంచి భోజనానికి పిలిచే గొంతు. అది వినేసరికి అందరూ ఉలిక్కిపడి ఆమెన్ అనేసేవాళ్ళు. అయ్యగారు పాపం నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయేవాడు. ఈవిడేమో అప్పటికే గుమ్మం దాటి చెప్పులు వెతుక్కుంటూ ఉండేది. ఏమంత తొందరా అంటే, పొయ్యి మీద చేపల పులుసు ఉందిట!

నవ్వుతున్నారు సరే, ఊ ఏదీ?

ఇలా ఉండగా ఆ దేశపు రాజుగారికి ఉన్నట్టుండి ఉయ్యాల మీద మనసైందిట. మామూలు చెక్క పనికిరాదుట, సముద్రం అవతల దేశంలో దొరికే టేకే కావాలిట. రాజులకి పనేముంది, ఇలాంటివే పుడతాయి. రేవులో పెద్ద పడవ కట్టించి, ఎక్కడెక్కడి మనుషుల్నో ఎక్కించి, చుక్కాని పట్టడానికి మన యోబుని రమ్మన్నాడు.

ఆ రోజుల్లో తెరచాప పడవలు కదా. పడమటి గాలికి వెళ్ళాలి, తూర్పు గాలికి తిరిగి రావాలి. ఏడాదికి ఒక్కసారే తూర్పు గాలి. ఆ గాలి తప్పిపోయిందా, మళ్ళీ ఏడాది దాకా ఆ ఒడ్డున గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాల్సిందే. యోబు తల్లికి దణ్ణం పెట్టి, తూర్పు గాలి మొదలవగానే బయల్దేరతాను, క్రిస్మస్‌కి ఇంట్లో ఉంటాను అని చెప్పి వెళ్ళాడు.

క్రిస్మస్ వచ్చింది, యోబు రాలేదు. కొత్త సంవత్సరం వచ్చింది, యోబు రాలేదు. మట్టలాదివారం వచ్చింది, ఈస్టరు వచ్చింది, ఎండలొచ్చాయి, మావిడికాయలొచ్చాయి, యోబు మాత్రం రాలేదు.

పరంజ్యోతమ్మకి నిప్పుల మీద కూర్చున్నట్టుంది. అయ్యగారి దగ్గరికి పరిగెత్తింది. ఆయన, దేవుని కోసం కనిపెట్టుకుని ఉండాలమ్మా, నిరీక్షణ కోల్పోకూడదు అన్నాడు. ఎన్నాళ్ళు అంది ఈవిడ. దేవుడికి చిత్తమైన వేళ దాకా అన్నాడాయన. ఆ వేళ ఏ వారం అంది. అది మనకి తెలీదమ్మా అన్నాడు. పోనీ పొద్దుటా సాయంత్రమా అంది. అయ్యగారు తల పట్టుకున్నాడు.

ఇక లాభం లేదని ఆవిడే ఒక ఉపాయం ఆలోచించింది. ప్రార్థన నెరవేరితే మనవాళ్ళు కృతజ్ఞత కూడిక పెట్టి, పదిమందినీ పిలిచి భోజనాలు పెడతారు కదా? ఈవిడ ఆ కూడిక ముందే పెట్టేస్తానంది. ఈస్టరు వెళ్ళిన మూడో శనివారం, మధ్యాహ్నం భోజనాలు, మా యోబు తిరిగొచ్చినందుకు, అందరూ రండి అని ఇల్లిల్లూ తిరిగి పిలిచేసింది. రాని కొడుక్కి కూడికేంటమ్మా అని అందరూ నోరెళ్ళబెట్టారు. పిలిచిన చుట్టాలందరూ వచ్చి కూర్చుంటే దేవుడికి మాత్రం మొహమాటం ఉండదా, ఆయనే పంపిస్తాడు అందిట! ఎక్కడైనా ఉందా ఇలాంటిది? దేవుడికే గడువు పెట్టింది మహాతల్లి!

అప్పుడు కోడలు మెల్లగా అడిగింది, అత్తా, ఒకవేళ ఆ రోజుకి రాకపోతేనో అని.

పరంజ్యోతమ్మ అంది, రాకపోతే వాడు లేడనే అర్థం. అదే పందిరి, అదే వంట, అదే అయ్యగారు, జ్ఞాపకార్థ కూడిక చేసేద్దాం. నువ్వు మీ పుట్టింటికి వెళ్ళిపో. నేను తలుపేసుకుని పడుకుంటా. ఇక ఆయన్ని ఏదీ అడగను, ఆ చర్చి గడపా తొక్కను అంది.

బతికున్న మొగుడికి జ్ఞాపకార్థ కూడికట! మెళ్ళో పుస్తెలు తీయించి మరీ పంపించేస్తుందిట! వాడు రేపు తిరిగొస్తే ఎవరింటికి రావాలి? సలోమికి అత్త మీద కోపం వచ్చింది, జాలీ వేసింది. ఆవిడకి కొడుకు మీద ప్రేమ లేక కాదర్రా. ప్రేమ ఎక్కువై, ఎదురుచూసి ఎదురుచూసి ఆ కళ్ళు ఇక ఓర్చుకోలేకపోయాయి. ఏదో ఒకటి తేలిపోతే చాలనుకుంది. మనసు విరిగినవాళ్ళు అలాగే అనుకుంటారు.

ఊ కొడుతున్నావా బన్నీ, కునుకుతున్నావా? సరే.

శనివారం వచ్చింది. పందిరి వేశారు. ఒక పక్క మాంసం కూర, ఒక పక్క గోంగూర, ఇంకో పక్క డేగిసాడు పప్పుచారు. వాసనకి పక్క ఊరి కుక్కలు కూడా వచ్చి భక్తిగా కూర్చున్నాయి. పరంజ్యోతమ్మ గడపకీ ఒడ్డుకీ, ఒడ్డుకీ గడపకీ ఇరవైసార్లు తిరిగింది. సముద్రం మీద ఒక్క తెరచాప లేదు.

ఎండ నడినెత్తికొచ్చింది. ఆవిడొచ్చి పందిట్లో నిలబడి, అయ్యగారూ, నా కొడుకు లేడండీ, జ్ఞాపకార్థ కూడిక మొదలెట్టండి అంది. ఏమే సలోమీ, బట్టలు మూట కట్టుకో అంది.

సలోమి ఏడుస్తుందనుకున్నారా? కాళ్ళ మీద పడుతుందనుకున్నారా? అబ్బే! కొంగు దోపుకుని ముందుకొచ్చి, అలాగే అత్తా, నీ మాటే కానీ అంది. కాకపోతే మా పుట్టింట్లో జ్ఞాపకార్థ కూడికకి ఒక ఆనవాయితీ ఉంది అంది. వచ్చినవాళ్ళందరూ ముందు, ఇంటికొకరు చొప్పున, ప్రార్థన చెయ్యాలిట. ఎవరి బాధ వాళ్ళు చెప్పుకోవాలిట. అంతా అయ్యాక, అందరికంటే చివర, కన్నతల్లి ఒక్కతే ఆమెన్ అనాలిట. మధ్యలో అందో, మళ్ళీ మొదటినుంచీ మొదలుట!

ఆ ఆనవాయితీ ఎక్కడిదనుకున్నారు? అక్కడిదే, అప్పుడే పుట్టింది, ఇంకా పొగలు కక్కుతోంది. అయ్యగారికి సంగతి అర్థమైంది. ఆయన గట్టిగా దగ్గి, ఎవరి ఆనవాయితీ వాళ్ళకి గొప్పమ్మా, కానివ్వండి అన్నాడు. అబద్ధమూ ఆడలేదు, నిజమూ చెప్పలేదు, చూశారా!

మొదలైందర్రా ప్రార్థన. జకరయ్య తాత లేచి తన పంటి నొప్పి గురించి చేశాడు. ఏ పన్నో, ఎటువైపో, ఎప్పటినుంచో అన్నీ దేవుడికి వివరంగా చెప్పాడు. పరంజ్యోతమ్మ "ఆ..." అంది, సలోమి ఆవిడ నడుం మీద గిల్లింది. దీనమ్మ లేచి ఈనని గేదె గురించి చేసింది. పరంజ్యోతమ్మ "ఆ..." అంది, సలోమి గిల్లింది. ఒకళ్ళు అల్లుడి తాగుడు గురించి, ఒకళ్ళు అత్తగారి నోటి గురించి. ఆ అత్తగారు పక్కనే కూర్చుని ఉంది పాపం! పరంజ్యోతమ్మ "ఆ..." అనడం, సలోమి గిల్లడం. మాంసం కూర చల్లారిపోతోంది, కుక్కలు ఆవులిస్తున్నాయి.

కానీ ఒక సంగతి చూశారూ, పంటి నొప్పి వాడైనా, గేదె గలావిడైనా, ప్రతివాళ్ళూ చివర్లో ఒకటే మాట అన్నారు, ప్రభువా, యోబుని ఇంటికి తీసుకురా అని. ఎవరూ నేర్పలేదు. ఎవరికి వాళ్ళే అన్నారు. పది ఇళ్ళయ్యేసరికి పరంజ్యోతమ్మ "ఆ..." అనడం మానేసింది. ఇరవై ఇళ్ళయ్యేసరికి చతికిలబడి కూర్చుంది.

అందరి వంతూ అయిపోయిందనుకున్నారు. అప్పుడు గిన్నెలు తోముతున్న చోటి నుంచి వజ్రమ్మ లేచింది. చర్చిలో ఎప్పుడూ ఆఖరి వరసలో కూర్చునే మనిషి, ఒంటరిది. చేతులకి బూడిద అలాగే ఉంది. తల మీద కొంగు కప్పుకుని ప్రార్థన చేసింది.

"ప్రభువా, నా ఏలియా అలిగి వెళ్ళిపోయి తొమ్మిదేళ్ళయింది. నేను బాగానే ఉన్నాను. వాడికి ఆకలేసినప్పుడు ఎవరో ఒక తల్లి చేత ఇంత అన్నం పెట్టించు. యోబుకి కూడా పెట్టించు. ఇద్దర్నీ ఇంటికి తీసుకురా."

అంతే, కూర్చుంది.

పరంజ్యోతమ్మ చటుక్కున అటు తిరిగింది. తొమ్మిదేళ్ళా? తన కొడుకు వెళ్ళి ఏడాది కూడా కాలేదు! వజ్రమ్మా, నీ కొడుకు కోసం ఇంకా చూస్తున్నావని ఒక్కనాడూ చర్చిలో చెప్పలేదేమే అని అడిగింది. వజ్రమ్మ ఏ కోపమూ లేకుండా అంది, నా వరస దాకా వచ్చేసరికి నువ్వు ఆమెన్ అనేసేదానివి అక్కా అని.

పరంజ్యోతమ్మ రెండు చెంపలూ వాయించుకుంది. ఆవిడ చేపల పులుసు కోసం తొమ్మిదేళ్ళుగా ఒక తల్లి ప్రార్థన నోట్లోనే ఉండిపోయింది మరి!

అందరూ ఆవిడ వైపే చూస్తున్నారు. ఆమెన్ అనాల్సింది ఆవిడే. అందంటే ప్రార్థన ముగిసినట్టు, కొడుకు పోయినట్టు. నోరు తెరిచింది, మూసింది. అననంటే అనను అని భోరుమని ఏడ్చింది. నా కొడుకు బతికే ఉన్నాడు, తొమ్మిదేళ్ళు చూసే మనిషి ఇక్కడ ఉండగా నాకేం రోగం, నేనూ చూస్తాను, ఈ ప్రార్థన ఇలాగే తెరిచి ఉంచండి అంది. ఏమే సలోమీ, ఆ మూట విప్పు, వడ్డించు, జనం ఆకలితో చచ్చిపోతున్నారు అంది.

అప్పుడు సలోమి ఏడ్చింది. ఏడుస్తూనే వడ్డించింది.

ఆనాటి నుంచి రోజూ పొద్దున ముగ్గురు ఆడవాళ్ళూ ఒడ్డుకెళ్ళి చూసి, నా యోబు, నీ ఏలియా అని చెప్పుకుని పనికి పోయేవాళ్ళు. గాలి తిరిగిందా? తిరగలేదు. పడవొచ్చిందా? రాలేదు. ఆమెన్ అందా? అనలేదు. వానలు పడ్డాయి, గాలి తిరగలేదు. కోతలయ్యాయి, పడవ రాలేదు. పరంజ్యోతమ్మ ఎప్పుడైనా డీలా పడితే వజ్రమ్మ చెయ్యి పట్టుకునేది. వజ్రమ్మ డీలా పడితే ఈవిడ పట్టుకునేది. ఎదురుచూడ్డం కూడా ఒక పనే, చేతనైనవాళ్ళ పక్కన కూర్చుని నేర్చుకోవాలి.

చివరికి తూర్పు గాలి తిరిగింది. క్రిస్మస్ ఇంకా వారం ఉందనగా, చర్చి మీద నక్షత్రం కడుతున్నవాడు పైనుంచి అరిచాడు, పడవొస్తోందో అని!

ఇంకేముంది! గెడ్డం పెరిగి, గుర్తుపట్టలేనట్టు, యోబు దిగాడు. తల్లి పట్టుకుని ఏడ్చింది. సలోమికి సిగ్గేసి వెనకాల నిలబడి ఏడ్చింది. ఏమైందిరా అంటే, బయల్దేరే ముందు తెరచాప కొయ్య విరిగిందమ్మా, కొత్తది నిలబెట్టేసరికి గాలి దాటిపోయింది, మళ్ళీ గాలొచ్చే దాకా ఆ ఒడ్డునే కూర్చున్నా అన్నాడు. మరి తిండో అంటే, ఎవరో ముసలమ్మ, భాష కూడా తెలీదు, రోజూ పిలిచి ఇంత అన్నం పెట్టేది అన్నాడు. వజ్రమ్మ తల వంచుకుని ఆకాశంలో ఉన్నాయనకి దణ్ణం పెట్టుకుంది.

రాజుగారా? ఆయన టేకు కోసం ఆగలేక మునగ చెక్కతో ఉయ్యాల చేయించుకుని ఎప్పుడో నడుం విరగ్గొట్టుకున్నాడు. ఆయన ఊసు మనకెందుకు!

మళ్ళీ పందిరి వేశారు, ఈసారి నిజం కృతజ్ఞత కూడిక. అదే కూర, అదే గోంగూర, అవే కుక్కలు. అయ్యగారు సంతోషంగా, పరంజ్యోతమ్మా, ఇప్పుడైనా ఆ ఆమెన్ అనమ్మా, నెలల తరబడి తెరిచి ఉంది అన్నాడు. పేటంతా చెవులు రిక్కించింది.

పరంజ్యోతమ్మ లేచింది. ఆఖరి వరస దాకా నడిచింది. వజ్రమ్మని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ముందు వరసలో తన పక్కన కూర్చోబెట్టుకుంది. తర్వాత అయ్యగారి వైపు తిరిగి, కాస్త ఆగండయ్యగారూ, మాకేం తొందర, ఏలియా ఇంకా రావాలి కదా అంది.

ఏంటే జెస్సీ, ఏలియా వచ్చాడా అంటావా? నాకు కథ చెప్పిన మా అమ్మమ్మని నేనూ ఇదే అడిగాను. వస్తాడు, ఆ తల్లులిద్దరూ ఇంకా ఒడ్డునే ఉన్నారుగా అంది. అందుకని పిల్లలూ, అడిగింది ఆలస్యమైందంటే దేవుడు లేదన్నాడనుకోకండి. మీ పక్కన మీకంటే ఎక్కువ కాలంగా చూస్తున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో చూసి, వాళ్ళ చెయ్యి పట్టుకుని కూర్చోండి. సరే, కథ కంచి దారి పట్టింది, ఇక మీరు మీ దుప్పట్ల దారి పట్టండి.