ఎడమ మూల

రాతిమీది గుడ్లన్నీ పోయాయి. తప్పు చేపది కాదు, కెమెరా పట్టుకున్న ఆవిడది.

ఆ దేశపు రాజు పొరుగు రాజు మీదికి యుద్ధానికి బయల్దేరబోతున్నాడు. ధైర్యానికి గుర్తుగా సభలో ఒక బొమ్మ వేలాడదీయాలన్నాడు. పగడపు దిబ్బల్లో బొటనవేలంత చేప ఉంది, గుడ్ల జోలికొస్తే మనిషినైనా తరుముతుందని ఎవరో చెప్పారు. నీళ్ళలో ఫోటోలు తీయడం ఒక్క ఆవిడకే వచ్చు. కబురు ఆమెకే వెళ్ళింది.

చేప ఒళ్ళంతా పసుపు, తోక నీలం. రాతికి అంటుకున్న గుడ్లకు రెక్కలతో విసురుతూ వీపే చూపిస్తోంది. ఆమెకు విసుగొచ్చింది. కెమెరా ముందున్న గుండ్రటి గాజును దాని మొహం దగ్గరికి తోసింది.

గాజులో కనబడ్డది తనే అని చేపకు తెలియదు. ఇంకో మగచేప ఇంటిమీదికి వచ్చిందనుకుంది. రెక్కలు విప్పి, నోరు తెరిచి దూకింది. గాజులోదీ దూకింది. ఆమె వెలుతురు కోసం గాజును వెనక్కి, ఇంకా వెనక్కి జరిపింది. చేప వెంటబడి వచ్చింది.

పైకి తేలాక పడవవాడు చెయ్యందించాడు.

"ఏందమ్మా ఆ నవ్వు? చేప పెళ్ళికి ఒప్పుకుందా?"

"యుద్ధానికి ఒప్పుకుంది."

"ఎవరితో?"

"ఎవరూ లేరు. గాజుతో."

"అయితే మన రాజుగారికి చుట్టమే," అన్నాడు వాడు తెడ్డందుకుంటూ.

ఇంటికెళ్ళి ఫోటో పెద్దది చేశాక ఆమె నవ్వు పోయింది. ఎడమ మూలన, చేప వెనకాల, రాయి. రాయి నిండా వేరే చేపల నోళ్ళు. మర్నాడు దిగి చూసింది. రాయి తుడిచిపెట్టినట్టుంది. చేప ఆ బోడి రాయికే రెక్కలతో విసురుతోంది.

ఫోటో చూడగానే రాజు సింహాసనం దిగాడు.

"అబ్బ, ఏం రోషం!"

"మీసమొక్కటే తక్కువ, ప్రభూ," అన్నాడు మంత్రి.

రాజు వేలు ఎడమ మూలకు వెళ్ళింది. "ఇదేమిటమ్మా?"

"దాని గుడ్లు, ప్రభూ. అది పోట్లాడుతుంటే వెనక తినేస్తున్నాయి."

"ఎవరితో పోట్లాట?"

"తనతోనే. గాజు పెట్టింది నేను."

రాజు వెనక్కి వెళ్ళి సింహాసనమెక్కాడు.

"ఆ మూల కత్తిరించు," అన్నాడు రాజు.

"కత్తిరించను."

"అయితే ఇక సముద్రంలో కాలు పెట్టకు."

ఆమెకు సముద్రం తప్ప వేరే బతుకు లేదు. ఫోటో చుట్టి చంకలో పెట్టుకుని వచ్చేసింది.

యుద్ధం జరిగింది. సభలో ఎవరో గీసిన చేప వేలాడింది. దాని వెనకాల ఏమీ లేదు. సైన్యం సరిహద్దు దాటాక, కాపలా లేని ఊళ్ళమీద దొంగలు పడ్డారు. పిల్లలు పోయి మిగిలిన తల్లులు ఒక్కొక్కరే ఆమె ఇంటికొచ్చి, ఫోటోలో చేపను వదిలేసి, ఎడమ మూలనే చూసి వెళ్ళేవారు.

ఆ సంగతి రాజుకు చేరింది. మంత్రి వచ్చి గడపలో నిలబడ్డాడు.

"మూల కత్తిరించమ్మా. సముద్రం మళ్ళీ నీదే."

వీధి చివర కెరటాలు వినబడుతున్నాయి. ఆమె కాసేపు విని, తలుపు వేసింది.

మూల కత్తిరించలేదు. నీళ్ళలోకీ మళ్ళీ దిగలేదు.